ఫ్రీడం పార్కు తెలుగు నడక: నాన్నతో మూడు గంటలు

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ లాల్‌బాగ్, బన్నేరుఘట్ట, ఇస్కాన్ గుడి తిప్పి మళ్ళీ బస్సెక్కించడం మా ఇంట్లో అలవాటు. ఈసారి నెల్లూరు నుంచి నాన్న ఒక్కరే వచ్చారు. ఆయన్ని ఒక ఆదివారం పొద్దున శేషాద్రి రోడ్డులోని ఫ్రీడం పార్కుకి తీసుకెళ్ళాను. ఒకప్పుడు అది బెంగళూరు సెంట్రల్ జైలు. అక్కడ మొదలుపెట్టి విధానసౌధ మీదుగా హైకోర్టు దాకా, దారి పొడుగునా తెలుగులో చెబుతూ నడిపిస్తారు. మూడు గంటలు, మనిషికి 500 రూపాయలు. నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తాను.

ముందు వివరాలు. నడిపేది పెద్ద కంపెనీ కాదు, నలుగురు స్నేహితులు. పేరూ బోర్డూ ఏమీ పెట్టుకోలేదు, తెలిసినవాళ్ళ ద్వారా వాట్సాప్ గ్రూపులో చేరాలి. కన్నడ, ఇంగ్లిష్ బ్యాచ్‌లు ప్రతి వారం ఉంటాయి, తెలుగు బ్యాచ్ మాత్రం నెలకి ఒక్కటే, రెండో ఆదివారం. డబ్బు ముందే పంపాలి. పన్నెండు మందిని మించి తీసుకోరు, ఇది చాలా మంచి పద్ధతి, ఎందుకంటే అందరూ మాట్లాడొచ్చు. మా బ్యాచ్‌లో పదకొండు మందిమి. ఎక్కువమంది ఐటీ ఉద్యోగులు, ఇద్దరు కాలేజీ పిల్లలు, హిందూపురం నుంచి వచ్చిన ఒక టీచర్ గారు, ఇంకా మేము.

నాన్నని ఎందుకు తీసుకెళ్ళానో కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. ఆయన వచ్చిన రెండో రోజు రాత్రి అన్నం తింటుంటే టీవీలో ఏదో ధర్నా చూపిస్తున్నారు. నాన్న చూసి, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బాపతు, ఈ దేశం అంత నచ్చకపోతే ఇంకో దేశం పొమ్మను" అన్నారు. నేను ఊరుకోలేదు. "ప్రభుత్వాన్ని అడిగితే దేశాన్ని తిట్టినట్టా నాన్నా?" అన్నాను. మాటా మాటా పెరిగింది. ఆయన పెరుగన్నం తినకుండానే చెయ్యి కడుక్కున్నారు. మా ఇంట్లో ఆయన పెరుగన్నం వదిలేశారంటే అది చిన్న విషయం కాదు. రెండు రోజులు మా మధ్య "కాఫీ పెట్టనా", "తాళం ఎక్కడ పెట్టావు" తప్ప మాటల్లేవు. నాకు చాలా బాధేసింది. గెలవాలని కాదు, నేను ఏమంటున్నానో ఆయనకి అర్థం కావాలని ఉండింది, ఆయన ఏమంటున్నారో నాకు నిజంగా తెలుసా అని కూడా అనుమానం వచ్చింది. ఆఫీసులో ఒక స్నేహితురాలు ఈ నడక గురించి చెబితే, ఇద్దరికీ డబ్బు కట్టేసి, "ఆదివారం పొద్దున వాకింగ్‌కి పోదాం" అని మాత్రం చెప్పాను.

నడక చెప్పిన అమ్మాయిది గౌరిబిదనూరు వైపు పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఆమె తెలుగు మా నెల్లూరు తెలుగులా ఉండదు, కానీ పుస్తకం చదివినట్టు కాకుండా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. మొదలుపెట్టడం కూడా జైలుతో కాకుండా వాళ్ళ ఊరికి దగ్గర్లో ఉన్న విదురాశ్వత్థంతో మొదలుపెట్టింది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జనం కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి చేరితే పోలీసులు కాల్పులు జరిపారు, చాలామంది చనిపోయారు. అప్పట్లో మైసూరు సంస్థానంలో ఆ జెండా ఎగరేయడం నేరం. మరుసటి నెలలోనే సర్దార్ పటేల్ వచ్చి దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడాక, సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరేసుకోవడానికి ఒప్పుకున్నారు. "ఏప్రిల్‌లో ఆ జెండా పట్టుకున్నోళ్ళు ద్రోహులు సార్, మే నెలకి అదే జెండాకి పర్మిషన్ వచ్చేసింది. జెండా మారలేదు, పట్టుకున్నోళ్ళూ మారలేదు" అంది నాన్న వైపు చూసి. నాన్న తల ఊపారు. అది తెల్లవాళ్ళ కాలం కాబట్టి ఆయనకి అక్కడ ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత లోపలికి వెళ్ళాం. ఖైదీలని పరప్పన అగ్రహారం జైలుకి మార్చాక ఈ స్థలాన్ని 2008లో పార్కుగా తెరిచారు. మధ్యలో పాత కాపలా గోపురం ఉంది, దాని చుట్టూ చక్రానికి ఆకుల్లాగా బ్యారక్‌లు ఉండేవి, ఒక్క మనిషి పైన నిలబడితే అన్ని వైపులా కనిపించేలా కట్టారు. కొన్ని గోడలు, గదులు అలాగే ఉంచారు. చెట్లు బాగా పెరిగాయి. పొద్దున పూట వాకింగ్ చేసేవాళ్ళు పక్కనుంచి పోతుంటారు. జైలు గోడ నీడలో నిలబడి వినడం వేరుగా ఉంటుంది. ఈ నడక బలం సగం అక్కడే ఉంది.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించారు. మర్నాడు పొద్దున, పార్లమెంటు కమిటీ పని మీద బెంగళూరులో ఉన్న ఎల్.కె. అద్వానీ, అటల్ బిహారీ వాజ్‌పేయి, సోషలిస్టు నాయకుడు మధు దండవతే వంటివాళ్ళని అరెస్టు చేసి ఈ జైల్లో పెట్టారు. దేశం మొత్తం మీద ఆ ఇరవై ఒక్క నెలల్లో లక్ష మందికి పైగా లోపల ఉన్నారు. కారణం అడిగితే దేశ భద్రత. ఆ అమ్మాయి గొంతు పెంచకుండా ఒక్క మాట అంది: "1975లో దేశానికి ప్రమాదం అని ఇక్కడ పెట్టినోళ్ళు 1977 మార్చిలో కేంద్ర మంత్రులు. వాజ్‌పేయి గారు విదేశాంగం, అద్వానీ గారు సమాచార శాఖ, దండవతే గారు రైల్వే."

నాన్నకి అద్వానీ, వాజ్‌పేయి అంటే గౌరవం. వాళ్ళు జైలుకి వెళ్ళారని తెలుసు. ఎక్కడని తెలియదు, "దేశద్రోహి" అన్న ముద్ర మీద వెళ్ళారని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన గోడని చేత్తో తాకి చూశారు. కానీ ఒప్పుకోలేదు. "ఎమర్జెన్సీలో ఆఫీసులకి టైముకొచ్చేవాళ్ళమ్మా. రైళ్ళు టైముకి నడిచినాయి. మా నాయన చెప్పేవాడు, అట్టాంటి పాలన మళ్ళా రాదని" అన్నారు. ఆ అమ్మాయి దాన్ని కొట్టిపారేయలేదు. నిజమే సార్, అందుకే 1977 ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ ఓడిపోతే ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకి 41 కాంగ్రెస్‌కే ఇచ్చారు, జనతా నుంచి నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారు ఒక్కరే గెలిచారు, మా కర్ణాటకలో కూడా 28కి 26 వాళ్ళకే అంది. ఈ లెక్క నాకు తెలియదు. ఎమర్జెన్సీ గురించి నేను నాన్నతో ఎప్పుడు మాట్లాడినా "దేశమంతా తిరగబడింది" అనేదాన్ని. మనవాళ్ళు తిరగబడలేదు. మన ఊళ్ళలో చాలామందికి అది తగలనే లేదు. తగలనివాళ్ళకి తగిలినవాళ్ళ అరుపు అల్లరిలాగా వినిపిస్తుంది, మా ఇంట్లో గొడవ కూడా అదేనేమో అని అక్కడ నిలబడి అనుకున్నాను.

ఈ మొత్తం నడకలో నన్ను కదిలించింది స్నేహలతా రెడ్డి గారి కథ. తెలుగువాళ్ళమై ఉండి, ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉండి, ఆమె పేరు కూడా సరిగ్గా తెలియనందుకు బాధపడ్డాను. ఆమె నటి, నాటకాల మనిషి, మద్రాసులో నాటక బృందం నడిపినవాళ్ళలో ఒకరు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, తెల్లవాళ్ళ పాలన మీద కోపంతో భారతీయమైన పేరు పెట్టుకుని, మన బట్టలే కట్టుకున్న మనిషి. భర్త పట్టాభిరామిరెడ్డి గారు, కవి, సినిమా దర్శకుడు. ఆ పేరు వినగానే నాన్న "ఆయన మా నెల్లూరాయన" అన్నారు, గొంతులో గర్వం వినిపించింది. దంపతులిద్దరూ సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌కి స్నేహితులు. 1976 మే నెలలో బరోడా డైనమైట్ కేసు (ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా ప్రభుత్వ ఆస్తులు పేల్చడానికి డైనమైట్ పోగుచేశారన్న కేసు) పేరు చెప్పి ఆమెని అరెస్టు చేసి ఈ జైల్లోనే ఎనిమిది నెలలు ఉంచారు. ఆమెకి ఉబ్బసం. సరైన వైద్యం అందలేదు. పక్క బ్యారక్‌లో ఉన్న మధు దండవతే, రాత్రిళ్ళు నిశ్శబ్దంలో ఆమె గదిలోంచి అరుపులు వినిపించేవని తర్వాత గుర్తు చేసుకున్నారు. అంత బాధలోనూ తోటి ఆడ ఖైదీలకి తిండి బాగుండాలని పోట్లాడింది, వాళ్ళకి పాటలు, ఆటలు నేర్పింది. ఆరోగ్యం పూర్తిగా పాడయ్యాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె చనిపోయింది.

ఆ మూడు తేదీలు చెప్పి ఆ అమ్మాయి కాసేపు ఆగింది. ఎవరూ ఫోను తీయలేదు.

నాన్న అడిగారు, "కేసు రుజువైందా తల్లీ?" అని. "ఫెర్నాండెజ్ గారి మీద, ఇంకో ఇరవై నాలుగు మంది మీద చార్జిషీటు వేసినారు సార్. అందులో ఈమె పేరే లేదు."

ముప్పై నాలుగేళ్ళు తహసీల్దారు ఆఫీసులో పని చేసిన మనిషి నాన్న. ఫైల్లో పేరు లేని మనిషిని ఎనిమిది నెలలు కూర్చోబెట్టడం అంటే ఏంటో ఆయనకి నాకంటే బాగా తెలుసు. "పేరు లేకుండా ఎట్టా పెడతారు" అని రెండుసార్లు అన్నారు, ఎవరితోనూ కాదు, తనలో తనే.

కానీ వెంటనే గట్టి ప్రశ్న కూడా ఆయనే వేశారు, నేను మెచ్చుకున్నాను. "అమ్మాయ్, ఆమె సంగతి వదిలెయ్. డైనమైట్ పెట్టాలనుకోవడం కూడా దేశభక్తేనా?" ఇక్కడ నడక కొంచెం తడబడింది. ఆ అమ్మాయి "కాదు సార్" అంది, 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత చెప్పింది. ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా తిట్టినా రాజద్రోహం కాదు, హింసకి రెచ్చగొడితేనే అవుతుంది అని. అంతే చెప్పి ముందుకి నడిచేసింది. ఇది అంత తేలిగ్గా దాటిపోయే ప్రశ్న కాదు. వార్తల మీద సెన్సారు, నాయకులందరూ జైల్లో, కోర్టు తలుపు మూసేశారు, అప్పుడు మనిషి ఏం చేయాలి? మనుషుల ప్రాణాలకి ముప్పు తెచ్చే పనిని నేను ఎప్పటికీ సమర్థించను, ఈ విషయంలో నాన్న పక్షమే. కానీ మాట్లాడే దారులన్నీ మూసేసినవాళ్ళ బాధ్యత గురించి కూడా అక్కడే మాట్లాడుకోవాల్సింది. ఒక పావుగంట కూర్చుని మాట్లాడి ఉంటే బాగుండేది.

పార్కులో ఒక వైపు ఇప్పటికీ ధర్నాలు జరుగుతాయి. నగరంలో నిరసనలు ఇక్కడే చేసుకోవాలని పోలీసుల నిబంధన ఉంది. కోటి మందికి పైగా ఉండే ఊరికి అడగడానికి ఇదొక్క చోటే ఇవ్వడం నాకు నచ్చలేదు, అడిగే మాట వినాల్సినవాళ్ళు ఈ దారిన రారు కదా. ఆ రోజు పెన్షన్ బకాయిల కోసం కొందరు రిటైరైన ఉద్యోగులు షామియానా కింద కూర్చుని ఉన్నారు. అందరికీ అరవై దాటినట్టుంది. ఫ్లాస్కులు, మందుల డబ్బాలు, ముడిచిన గొడుగులు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద జాతీయ జెండా, గాంధీ ఫోటో, అంబేద్కర్ ఫోటో. వాళ్ళలో బళ్ళారి పెద్దాయన ఒకరు తెలుగు మాట్లాడతారని తెలిసి నాన్న వెళ్ళి పక్కన కూర్చున్నారు. వాళ్ళ వినతిపత్రం తీసుకుని చూశారు. కన్నడ చదవడం రాదు కాబట్టి ఆయన చేత చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని, ఫలానా జీవో నంబరు మొదటి పేరాలోనే రావాలి అని సలహా కూడా ఇచ్చారు. బ్యాచ్ మొత్తం ఇరవై నిమిషాలు ఆయన కోసం ఆగింది. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా టైము చూసుకోలేదు. ఆ ఓపిక కోసమే నేను ఇంకో 500 ఇవ్వగలను.

వెనక్కి నడుస్తున్నప్పుడు నాన్న తనంతట తనే చెప్పారు. ఎనభైల్లో ఎన్జీవోల (నాన్-గెజిటెడ్ ప్రభుత్వోద్యోగుల) సమ్మెలో ఆయన కూడా ఉన్నారట. జీతం ఆగితే అమ్మ గాజులు తాకట్టు పెట్టారట. నాకు ఈ విషయం ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. "కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నాం. మమ్మల్ని సోమరిపోతులన్నారు, జీతాల కోసం ఏడ్చేవాళ్ళన్నారు. దేశద్రోహులని మాత్రం ఎవరూ అన్లేదు" అన్నారు. కొంచెం దూరం నడిచాక ఇంకో మాట అన్నారు, నేను ఇంటికొచ్చాక మర్చిపోకుండా రాసిపెట్టుకున్నాను: "అర్జీ పెట్టుకునేవాడు ఆఫీసు మీద నమ్మకం ఉన్నోడమ్మా. నమ్మకం పోయినోడు అర్జీ పెట్టడు. కోపంగా వచ్చినోడిని నేను ఎప్పుడూ బయటికి పొమ్మన్లేదు. అట్టా పొమ్మంటే ఇంక వాడు ఏ ఆఫీసుకీ రాడు."

రెండు రోజులు నేను ఇంట్లో చెప్పలేక సతమతమైంది ఇదే. నేను పుస్తకాల మాటల్లో చెప్పాను, ఆయన తన సర్వీసు లోంచి చెప్పారు. ఈ దేశం నాది అనుకున్నవాడే దీన్ని నిలదీస్తాడు. పక్కింటి గోడ బీటలు వారితే మనకి నిద్ర చెడదు, మనింటి గోడకైతే రాత్రి లేచి టార్చి వేసి చూస్తాం.

కే.ఆర్. సర్కిల్ మీదుగా విధానసౌధ ముందుకి వచ్చాం. నుదుట "ప్రభుత్వ పని దేవుడి పని" అని కన్నడలో, ఇంగ్లిష్‌లో చెక్కి ఉంటుంది, చాలామంది చూసే ఉంటారు. నాన్న చదివించుకుని, "పని దేవుడిదే, చేసేవాడు మాత్రం దేవుడు కాదు" అన్నారు. టీచర్ గారు ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

చివరి మజిలీ దాని ఎదురుగా ఉన్న ఎర్ర భవనం, అఠారా కచేరి, అంటే హైకోర్టు. ఇక్కడ కథ జైలు నుంచి కోర్టుకి మారుతుంది. జైల్లో పెట్టినవాళ్ళు మమ్మల్ని ఎందుకు పట్టుకున్నారో చెప్పండి అని హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. అద్వానీ వాళ్ళు వేసింది ఈ కోర్టులోనే. ఈ పిటిషన్లు వినొచ్చు అని దేశంలో తొమ్మిది హైకోర్టులు అన్నాయి, కర్ణాటక హైకోర్టు వాటిలో ఒకటి. కానీ 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో పౌరుడికి ఆ హక్కు లేదని తేల్చింది. ఐదుగురు జడ్జీల్లో నలుగురు ఒక వైపు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. తర్వాత ఆయన ప్రధాన న్యాయమూర్తి కావాల్సి ఉంటే, 1977 జనవరిలో ఆయన్ని పక్కనపెట్టి ఆయన కంటే జూనియర్‌ని చేశారు. ఖన్నా రాజీనామా చేసి వెళ్ళిపోయారు. కోర్టు భాషలో ఆయన రాసిన దాన్ని భిన్నాభిప్రాయ తీర్పు అంటారు. ఆయన దేశాన్ని కాదనలేదు, కోర్టునీ కాదనలేదు, ఆ కోర్టులోనే కూర్చుని, ఆ రాజ్యాంగమే చేతిలో పెట్టుకుని కాదన్నారు.

ఆ నలుగురిలో ఒకరు వై.వి. చంద్రచూడ్. ముప్పై ఆరేళ్ళ తర్వాత, 2012లో, ఇదే కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో ఆధార్ మీద, కేంద్ర ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆయన కేసులోనే 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, ఆ తీర్పులోనే 1976 నాటి తీర్పు తప్పని కొట్టేశారు. ఆ మాట రాసిన జడ్జి డి.వై. చంద్రచూడ్, వై.వి. చంద్రచూడ్ గారి కొడుకు.

నాన్న మెట్ల దగ్గర ఆగిపోయారు. "తండ్రి రాసింది తప్పని కొడుకే రాశాడా?" అని అడిగారు. అవునని ఆ అమ్మాయి చెప్పింది. నాన్న నా వైపు చూశారు. నేను ఏమీ అనలేదు. ఆయన నా చేతిలోంచి మంచినీళ్ళ సీసా తీసుకుని తాగి, మళ్ళీ నాకే ఇచ్చారు.

ఆఖర్లో దగ్గర్లోని ఒక దర్శినిలో ఇడ్లీ వడ, ఫిల్టర్ కాఫీ, ఇది 500లోనే. తింటూ అందరూ మాట్లాడుకోవచ్చు. ఇక్కడ నాన్న పొట్టి శ్రీరాములు గారి గురించి చెప్పారు. నెల్లూరు మూలాపేటలో వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులని రానివ్వాలని 1946లో ఆయన నిరాహార దీక్ష చేశారు, మా ఇల్లు ఆ గుడికి రెండు వీధుల అవతల. తర్వాత 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకి కూర్చుని, 58 రోజులకి, డిసెంబర్ 15న ప్రాణం వదిలారు. నెహ్రూ 19న రాష్ట్రం ప్రకటించారు. "అప్పటికి తెల్లోళ్ళు పోయి ఐదేళ్ళయింది. ఆయన కూర్చుంది మన ప్రభుత్వం మీదే, గాంధీ గారి ఆశ్రమంలో ఉన్న మనిషే. ఆయన్ని దేశం పొమ్మనగలమా?" అని అడిగారు నాన్న. వారం క్రితం టీవీ ముందు కూర్చుని అన్న మాటకి ఆయనే ప్రశ్న వేసుకుంటున్నారని నాకు అర్థమైంది.

వెంటనే, "కానీ ఆయన తన ప్రాణం పెట్టాడు, వేరేవాళ్ళ బస్సు తగలబెట్టలేదు, అది కూడా రాసుకోండి" అని కాలేజీ పిల్లలకి గట్టిగా చెప్పారు. ఆ అమ్మాయి మర్యాదగానే, ఆయన పోయాక ఆంధ్రలో చాలా చోట్ల అల్లర్లు అయ్యాయని, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారని గుర్తు చేసింది. పొట్టి శ్రీరాములు మాట ముందే విని ఉంటే అవి జరిగేవి కాదు కదా సార్ అని ఒక కుర్రాడు అన్నాడు. నాన్న దానికి జవాబు చెప్పలేదు, కానీ ఆ కుర్రాడి ప్లేట్లో తన వడ ఒకటి పెట్టారు.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్క మార్కు. డైనమైట్ ప్రశ్న గురించి పైనే చెప్పాను. ఇంకోటి, కథ 2017 దగ్గర దాదాపు ఆగిపోతుంది. రాజద్రోహం సెక్షన్ 124ఎ మీద పెట్టే కేసులని 2022 మేలో సుప్రీంకోర్టు ఆపమనడం, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో దేశ సార్వభౌమత్వానికి ముప్పు పేరుతో సెక్షన్ 152 ఉండడం, ఇవన్నీ రెండు వాక్యాల్లో దాటేశారు. ఇప్పటి కేసుల గురించి, ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళ గురించి ఎవరో అడిగితే "అది ఈ నడకలో లేదు" అన్నారు. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది, నలుగురు కుర్రవాళ్ళు, వెనక ఎవరూ లేరు. తప్పుపట్టలేను. అయినా యాభై ఏళ్ళ కిందటి నిరసనని మెచ్చుకోవడం ఎవరికైనా తేలికే, ఆ పార్టీవాళ్ళూ ఈ పార్టీవాళ్ళూ అందరూ మెచ్చుకుంటారు. ఈ రోజు మనకి నచ్చిన ప్రభుత్వం మీద మనకి నచ్చనివాళ్ళు లేచి మాట్లాడితే ఓపికగా వినగలమా అన్నదే అసలు పరీక్ష, నాకూ నాన్నకీ కూడా. ఆ ప్రశ్నని కనీసం కాఫీ బల్ల దగ్గరైనా పెట్టాలి.

చిన్న విషయాలు కొన్ని. మైకు లేదు, రోడ్డు మీద ట్రాఫిక్ పక్కన నిలబెట్టి చెప్పినప్పుడు వెనకున్నవాళ్ళకి వినబడలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, పార్కులో బెంచీల దగ్గర ఎక్కువసేపు ఆగి, రోడ్డు మీద తక్కువ ఆగితే బాగుంటుంది. పెద్దవాళ్ళకి డబ్బు తగ్గించాలి. టోపీ, నీళ్ళు తీసుకెళ్ళండి, పదకొండు గంటలకి హైకోర్టు దగ్గర ఎండ బాగానే ఉంటుంది. చిన్న పిల్లలకి అంతసేపు కుదరదు, పదో తరగతి దాటినవాళ్ళయితే తప్పకుండా తీసుకెళ్ళండి.

ఇంట్లో నాన్న మారిపోయారని చెప్పను. ఇప్పటికీ టీవీ చూస్తూ కోప్పడతారు, రోడ్లు ఆపేసే ధర్నాలంటే ఇప్పటికీ ఇష్టం లేదు, ఆంబులెన్సు ఆగిపోతే ఎవరు జవాబు చెప్తారని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ రోజు రాత్రి పెరుగన్నం తిన్నారు. టీవీలో ఎవరో "దేశద్రోహి" అని అరుస్తుంటే సౌండు తగ్గించి, "పేరు చార్జిషీట్లో ఉందో లేదో కనుక్కో ముందు" అన్నారు.

నెల్లూరు వెళ్ళిన వారానికి ఫోన్ చేశారు. మూలాపేట దీక్ష గురించి ఆ అమ్మాయి నడకలో కూడా చెప్పాలట, కావాలంటే గుడి ఫోటోలు తీసి పంపిస్తారట. ఆమెకి చెప్పాను, పంపమంది. నాన్న తీసి పంపిన ఫోటోలు మొత్తం పద్నాలుగు, అన్నీ గాలిగోపురానివే. తర్వాతి తెలుగు బ్యాచ్ వచ్చే నెల రెండో ఆదివారం, ఈసారి నాన్నతో పాటు ఆయన ఆఫీసు స్నేహితులు ఇద్దరు వస్తామంటున్నారు, వాళ్ళిద్దరికీ రాత్రి బస్సు టికెట్లు చూడాలి.